ఆడాసిటీ: నాయిస్ రిడక్షన్ కాదు, స్పెక్ట్రోగ్రామే అసలు సరుకు

శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమనీ, మామూలు కంప్యూటర్లలో కూడా నడుస్తుందనీ అందరికీ తెలుసు. ఆ సంగతులు వదిలేస్తాను. పాత రాక్ కచేరీల్లో జనం మధ్య కూర్చుని ఎవరో తీసిన క్యాసెట్ రికార్డింగులను బాగుచెయ్యడానికి ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను. ఈ పనికి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ, అంటే ఏ క్షణాన ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో బొమ్మగా చూపించేది, ఒక్కటి చాలు, దీన్ని నెత్తిన పెట్టుకోవచ్చు.

ఈ టేపుల అసలు జబ్బు రొద కాదు, స్పీడు. రికార్డర్‌లో బ్యాటరీ నీరసిస్తే టేపు మెల్లగా కదులుతుంది. అదే టేపును మంచి క్యాసెట్ డెక్‌లో వేస్తే పాట పరుగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. చెవితో సరిచేద్దామంటే ఆ రోజు వాళ్లు గిటార్లు ఎక్కడ శ్రుతి చేసుకున్నారో మనకేం తెలుసు? అయితే స్టేజీ మీది యాంప్లిఫయర్లు కరెంటు వల్ల చేసే హమ్, అంటే గుయ్‌మనే మోత, టేపులోకి ఎక్కేసి ఉంటుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు ఊగుతుంది), యూరప్‌లో మనలాగే 50. యాంప్ హమ్ చాలాసార్లు దానికి రెట్టింపు దగ్గర, అంటే అమెరికన్ షోలో 120 దగ్గర, సన్నటి గీతలా కనిపిస్తుంది. పాటకీ పాటకీ మధ్య వెతకాలి. గీత 124 దగ్గరుంటే టేపు మూడు శాతానికి పైగా వేగంగా ఉన్నట్టే, సగం సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో సగం) దాటిన తేడా. స్పీడు 0.968కి తగ్గిస్తే 45 నిమిషాల సైడు 46న్నర అవుతుంది, పాడేవాడి గొంతు మనిషి గొంతులా వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు గాల్లో తేలాననుకోండి.

ఆ గీత మాటే వేదం అనుకుంటున్న రోజుల్లో 1970ల నాటి ఒక అమెరికన్ టేపు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. విండో సైజు (ఒక్కోసారి ఎంత శబ్దాన్ని తీసుకుని లెక్కకట్టాలో చెప్పే అంకె, ఇది పెరిగేకొద్దీ దగ్గరదగ్గర గీతలు విడిగా కనిపిస్తాయి) 8192లో చూస్తే 120 దగ్గర ఒకే గీత, స్పీడు కరెక్టే అన్నట్టు. వింటే మాత్రం డ్రమ్మర్ ఆఖరి బస్సు అందుకోవాలన్నట్టు వాయిస్తున్నాడు. ఆ బ్యాండ్ అధికారికంగా విడుదల చేసిన లైవ్ రికార్డుతో పోల్చినా ఇది పైశ్రుతిలోనే ఉంది. చివరికి విండో సైజును 32768కి పెంచి, 200 హెర్ట్జ్ వరకే కనిపించేలా పెట్టాను. అప్పుడు బయటపడ్డాయి రెండు గీతలు! 120 దగ్గర గట్టిది, 124 దగ్గర పలచగా ఇంకొకటి. గట్టిది హాల్లోది కాదు, ఆ తర్వాత ఎవరో ఇంట్లో కాపీ తీసినప్పుడు డెక్ నుంచి ఎక్కిన హమ్. అసలుది పలచటిదే. రెండో సైడు చివరికొచ్చేసరికి అదీ పైకి జరుగుతూ పోయింది, బ్యాటరీ మహత్యం. ఆ భాగానికి టైమ్ ట్రాక్ (స్పీడును మధ్యమధ్యలో మార్చుకోనిచ్చే ట్రాక్) వేసి, స్పీడును క్రమంగా తగ్గించుకుంటూ రావాల్సి వచ్చింది.

అందుకే పైన పొగిడినదానికి కాస్త తగ్గింపు. డిఫాల్ట్‌గా ఉండే 2048 సైజులో ఒక్కో గడి 21 హెర్ట్జ్‌కి పైనే, ఈ పనికి స్పెక్ట్రోగ్రామ్ గుడ్డిదే. ఏ గీత హాల్లోదో, ఏది కాపీదో అది చెప్పదు. సైజు పెంచితే నా పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది.

రొద తగ్గించే నాయిస్ రిడక్షన్ గురించి రెండు ముక్కలు చాలు. ఒకే తీరుగా మోగే శబ్దాన్నే అది బాగా పట్టుకుంటుంది. మాది భీమవరం పక్క ఊరు, చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. "వాటి మోత తీసేస్తుందేంట్రా అది?" అంటాడు మా బావ. రికార్డయితే తీసేస్తుంది బావా, జనం చప్పట్లూ ఈలలే తియ్యలేదు. పట్టుబట్టి ఎక్కువ పెడితే డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) మోత నీళ్లలో మునిగినట్టవుతుంది. నేను నాలుగైదు డెసిబెల్స్ దాటను.

కచేరీలను రహస్యంగా రికార్డు చేసిన మైక్ మిల్లార్డ్ 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ఫోరం హాల్లో తీసిన లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ టేపు లాంటివి దొరికితే ఇంత తంటా ఉండదు. వీల్‌చైర్‌లో నకమిచి రికార్డర్ దాచి తీసుకెళ్లిన మనిషి ఆయన. నాకు చేరేవి నాలుగైదు చేతులు మారిన కాపీలు.

పంచుకునేటప్పుడు నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లలోనే ఇస్తాను, ఏం మార్చానో పక్కన రాస్తాను, డబ్బు తీసుకోను. ఏరియేటర్ల పుణ్యమా అని అంతా హెడ్‌ఫోన్స్‌లోనే వింటాను కాబట్టి, మంచి స్పీకర్లున్నవాళ్లకు నా తీర్పు కొంచెం అటూ ఇటూ అనిపించొచ్చు. స్పీడు తప్పిన టేపులున్నవాళ్లకైతే ఆడాసిటీ వాడమని ధైర్యంగా చెబుతాను. రొద ఒక్కటే మీ బాధ అయితే ఇంకేదైనా చూసుకోండి.