కాన్పు తర్వాత కాపర్-టీయా, అంతరా ఇంజెక్షనా?

బిడ్డ పాలు తాగుతున్నా, నెలసరి మొదలవకముందే మళ్లీ గర్భం నిలవొచ్చు. గర్భం రాకుండా గర్భసంచిలో వేసే కాపర్-టీ, అందుకే ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ అంతరా, ఈ రెండూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. రెండింటితోనూ పాలు తగ్గవు.

కాపర్-టీలో హార్మోన్లు ఉండవు. మాయ పడిన 10 నిమిషాల్లోనో, 48 గంటల్లోపో వేస్తారు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తుంది. తీయించగానే గర్భం రావచ్చు. మొదటి నెలల్లో రక్తస్రావం, నొప్పి ఎక్కువ. కాన్పయిన వెంటనే వేసింది జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి ఆరు వారాల చెకప్ మానకండి.

అంతరా మూడు నెలలకోసారి. పాలిచ్చేవాళ్లకు ఆరు వారాలయ్యాకే. సూది చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. నెలసరి ఆగిపోవచ్చు. చెడు రక్తం లోపలే ఉండిపోతోందని అత్తగారు టెన్షన్ పడతారు, అలాంటిదేమీ లేదు. మానేశాక గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు.

రక్తహీనత ఉంటే నేను అంతరాకే మొగ్గుతాను. బీపీ బాగా ఎక్కువుంటే కాపర్-టీకి. కాపర్-టీ అనుకుంటే గర్భిణిగా ఉన్నప్పటి చెకప్‌లోనే నర్సమ్మకు చెప్పి రాయించుకోండి. నొప్పులు పడుతూ తేల్చుకునే విషయం కాదిది.