లెన్వాటినిబా, సొరాఫెనిబా, ఇంకొన్నాళ్లు ఆగడమా?

థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే రేడియో అయోడిన్ ఇక పట్టట్లేదు అని డాక్టర్ అనగానే ఇంట్లో అందరం ఏ మాత్ర మంచిదా అని వెతుకుతాం, మా చిన్నమ్మ విషయంలోనూ అంతే, కానీ ముందు తేల్చుకోవాల్సింది అసలు ఇప్పుడే మొదలుపెట్టాలా అని. లంగ్స్‌లో చిన్న గడ్డలే, మెల్లగా పెరుగుతున్నాయి, మనిషికి ఇబ్బందేం లేదు అంటే థైరాక్సిన్‌తో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాల్ని పెరిగేలా చేసే హార్మోన్) తగ్గించి పెట్టి 3 నుంచి 6 నెలలకోసారి స్కాన్ చూసుకుంటూ ఆగొచ్చు. ఈ మాత్రలు జబ్బుని నిలబెడతాయి గానీ పూర్తిగా పోగొట్టవు, పైగా పనిచేసినన్నాళ్లూ రోజూ మింగాల్సిందే.

గడ్డలు గబగబా పెరుగుతుంటే మాత్రం నా ఓటు లెన్వాకే. 2015లో వచ్చిన సెలెక్ట్ ట్రయల్‌లో జబ్బు ముదరకుండా ఆగింది 18.3 నెలలు, డమ్మీ మాత్ర వాళ్లకి 3.6. సొరాఫెనిబ్ ట్రయల్‌లో 10.8, డమ్మీకి 5.8. రెండూ వేరే ట్రయల్స్, పేషెంట్లూ వేరు కాబట్టి నేరుగా పోల్చకూడదనుకోండి, అయినా గడ్డలు బాగా తగ్గినవాళ్లు లెన్వాలో 65 శాతం దాకా ఉంటే సొరాఫెనిబ్‌లో 12 శాతమే, ఆ తేడా చిన్నదేం కాదు.

ఇబ్బందులు రెండిటికీ ఉన్నాయి. లెన్వా ఫుల్ డోస్ 24 ఎంజీ, అంటే రెండు పదులు ఒక నాలుగు, రోజుకొకసారి, తిన్నాకైనా తినకముందైనా. దీంతో బీపీదే పెద్ద గోల, యూరిన్‌లో ప్రోటీన్ పోతుంది, ఆకలి చచ్చిపోతుంది. చిన్నమ్మకి పొద్దున సాయంత్రం బీపీ చూసి క్యాలెండర్ మీదే రాస్తున్నాం, డోస్ తగ్గించాకే కాస్త అన్నం సయించింది. సొరాఫెనిబ్ ఐతే పూటకి రెండు చొప్పున రెండు పూటలా, ఖాళీ కడుపున. అరిచేతులు అరికాళ్లు మండి తోలు ఊడుతుంది, చెప్పుల్లేకుండా వంటింట్లో నిలబడలేరు.

సొరాఫెనిబ్‌కి పేరొచ్చింది ధర వల్ల కూడా, నెలకి 2.8 లక్షలున్న మందుని 8,800కి అమ్మేలా 2012లో మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చారు (దేశంలో అదే మొదటిది, అప్పుడు అడిగింది కిడ్నీ, లివర్ క్యాన్సర్లకి). చవక అని మాత్రం దాన్నే ముందు పెట్టకండి, లెన్వా జెనరిక్ రేట్లు రెండు మూడు చోట్ల అడిగి చూడండి, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో కనుక్కోండి.

ఇదంతా థైరాయిడ్ క్యాన్సర్‌లో పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాలకే, మెడుల్లరీ లెక్క వేరు. ఇంకోటి, మొదలుపెట్టేముందే జీన్ టెస్ట్ అడగండి, గడ్డలో రెట్ అనే జీన్ ఇంకో జీన్‌తో అతుక్కుపోయి (ఫ్యూజన్) ఉంటే సెల్పర్కాటినిబ్, ఎన్‌టీఆర్‌కే జీన్ అలా ఉంటే లారోట్రెక్టినిబ్ అని గురి చూసి కొట్టే మందులున్నాయి. ఆపరేషన్ చేసిన హాస్పిటల్ ల్యాబ్‌లో బయాప్సీ బ్లాక్ (మైనంలో పెట్టిన గడ్డ ముక్క) దాచి ఉంచుతారు, టెస్ట్‌కి అదే కావాలి, రిపోర్ట్ కాగితం ఒక్కటే తీసుకుని వచ్చెయ్యకండి.