పళ్లకు ఫ్లోరైడ్: వార్నిషా, జెల్లా?

పళ్లు పుచ్చకుండా డెంటిస్టు పెట్టే ఫ్లోరైడ్ మందు రెండు రకాలు: బ్రష్‌తో పూసే వార్నిష్, పళ్లకు తొడిగే ట్రేలో వేసే జెల్. ఆరేళ్ల లోపు పిల్లలకైతే ఆలోచించే పనే లేదు, వార్నిషే. అందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఫ్లోరైడ్ ఎన్ని భాగాలో ఆ లెక్క). ఏపీఎఫ్ (ఆమ్లం కలిపిన ఫ్లోరైడ్) జెల్‌లో 12,300 మాత్రమే. అయినా వార్నిషే భద్రం. పాలపళ్లన్నిటికీ పావు మిల్లీలీటరు చాలు, పైగా ఉమ్మి తగలగానే గట్టిపడి పంటిని అంటుకుంటుంది. పళ్లు తుడిచి చిన్న బ్రష్‌తో పల్చగా పూస్తే రెండు మూడు నిమిషాల పని. కొన్ని రకాలు పూశాక పళ్లు పసుపుగా, గరుగ్గా కనిపిస్తాయి. అది చూసి కంగారుపడి ఇంట్లోవాళ్లు అదే రాత్రి గట్టిగా తోమించేస్తారు, మందు కాస్తా పోతుంది. మర్నాటి దాకా ఆగాలి. వేడివి, జంతికల్లాంటి గట్టివి ఆ పూటకు వద్దు.

జెల్ పెద్ద పిల్లలకు, అదీ ఉమ్మడం బాగా వచ్చినవాళ్లకే. ట్రేలో కొద్దిగానే వేసి నాలుగు నిమిషాలు ఉంచాలి. నిటారుగా కూర్చోబెట్టి, ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పెట్టి, తీశాక బాగా ఉమ్మించాలి. అరగంట నీళ్లు కూడా తాగకూడదు. ట్రే నిండా వేస్తే గొంతులోకి జారుతుంది. వికారం, వాంతులు అందుకే. పింగాణీ క్యాపులుంటే ఏపీఎఫ్ వద్దు, దానిలోని ఆమ్లం మెరుపు తినేస్తుంది.

ఏదైనా మూడు నుంచి ఆరు నెలలకోసారి. నల్లగొండ వైపు గార పళ్లు చూసినవాళ్లు ఫ్లోరైడ్ అంటేనే జంకుతారు. అక్కడి సమస్య పళ్లు తయారయ్యే వయసులో ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లది, పైపూతది కాదు.