కోక్ స్టూడియో పాకిస్తాన్: నిర్మాతలు మారిన కొద్దీ పాట ఏమైంది?

జానపద, కవ్వాలీ గాయకులను రాక్ వాద్యాలతో కలిపి పాడించే సంగీత కార్యక్రమం కోక్ స్టూడియో పాకిస్తాన్. దాన్ని ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలని అడిగితే చాలామంది ‘పసూరి’ అంటారు, ‘ఆఫ్రీన్ ఆఫ్రీన్’ అంటారు, ‘తాజ్‌దారె హరమ్’ అంటారు. నేను మాత్రం 2018లో వచ్చిన ‘ఎక్స్‌ప్లోరర్’ నుంచి మొదలుపెట్టమంటాను. అవి ఐదే పాటలు. పాడినవాళ్లలో అప్పటికి దేశమంతా తెలిసిన పేరు ఒక్కటీ లేదు. ఇన్నేళ్ల ఈ కార్యక్రమంలో నన్ను ఎక్కువగా కదిలించినవి ఆ ఐదే.

సికింద్రాబాద్‌లో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చి, మిక్సర్ దగ్గర కూర్చునే పని నాది. పెళ్లిళ్లు, బోనాలు, చిక్కడపల్లి వైపు కర్ణాటక కచేరీలు, పాతబస్తీలో కవ్వాలీలు, అన్నీ చేస్తాం. అందుకే ఏ పాట విన్నా నా చెవి ముందు మైకు ఎక్కడ పెట్టారో, ఏ వాయిద్యాన్ని ముందుకు తెచ్చారో, దేన్ని వెనక్కి నెట్టారో వెతుకుతుంది. ఈ సమీక్ష కూడా ఆ చెవితో రాస్తున్నదే. ఉర్దూ హైదరాబాదువాళ్లందరికీ ఎంతో కొంత వచ్చు. సింధీ, బలూచీ, కశ్మీరీ, కలాషా నాకు ఒక్క ముక్క రావు. అయినా వదలకుండా వింటున్నాను.

ఈ కార్యక్రమానికి డబ్బు పెట్టేది శీతల పానీయం కంపెనీ. పాట ఎంపిక నుంచి చివరి మిక్సింగ్ వరకు బాధ్యత మాత్రం నిర్మాతది. బ్రెజిల్‌లో నడిచిన ఒక కార్యక్రమం నుంచి ఆలోచన తీసుకుని 2008లో కరాచీలో మొదలుపెట్టారు. మొదటి నిర్మాత రోహైల్ హయాత్. ఆరు సీజన్లు ఆయనవే. 2014 నుంచి 2017 వరకు స్ట్రింగ్స్ బృందం, అంటే బిలాల్ మక్సూద్, ఫైసల్ కపాడియా. 2018లో అలీ హంజా, జోహైబ్ కాజీ. 2019, 2020లో మళ్లీ రోహైల్ హయాత్. 2022 నుంచి జుల్ఫీ. నిర్మాత మారిన ప్రతిసారీ జానపద గాయకుడు నిలబడే చోటు మారింది. ఏ సీజన్ ఎంత బాగుందో నేను తేల్చుకునేది ఆ చోటును బట్టే.

రోహైల్ మొదటి ఆరు సీజన్లలో చేసిన పని చిన్నది కాదు. 2009లో ‘ఏక్ అలిఫ్’ వినండి. ఒంటి తీగ వాయిద్యం ఏక్‌తారా పట్టుకున్న జానపద గాయకుడు సాయీన్ జహూర్ ఒక పక్క, నూరీ అనే రాక్ బృందం మరో పక్క. ఏక్‌తారా శబ్దం చాలా సన్నం. పక్కన డ్రమ్ముసెట్టు మోగుతుంటే ఆ తీగ మైకులోకి తీగ కంటే ముందు డ్రమ్మే దూరుతుంది. వేదిక మీద నేను రోజూ ఎదుర్కొనే తలనొప్పి ఇది. ఆ పాటలో మాత్రం ముసలాయన గొంతులోని జీర, ఊపిరి తీసుకునే చప్పుడు చక్కగా వినిపిస్తాయి. ఆయన ఆగితే వాద్యాలూ ఆగుతాయి. ఆయన అందుకున్నాకే గిటార్లు కదులుతాయి. మరుసటి ఏడాది ‘అలిఫ్ అల్లా’లో ఆరిఫ్ లోహార్ చిమ్టా (గలగలలాడే ఇనుప పటకారు వాయిద్యం) పట్టుకుని మీషా షఫీతో పాడినప్పుడు కూడా పగ్గాలు చిమ్టా చేతిలోనే ఉన్నాయి. బాబర్ ఖన్నా ఢోలక్, గంబీ డ్రమ్స్ ఆ లయనే పట్టుకుని నడిచాయి. చిమ్టా ఇనుము గలగలను ఎక్కువ పెంచితే చెవులు చిల్లులు పడతాయి, తగ్గిస్తే పాట చప్పబడుతుంది. ఎంత ఉండాలో అంతే ఉంచారు. ఈ పని చేసేవాళ్లు ఒకటికి పదిసార్లు వినాల్సిన మిక్సింగ్ ఇది.

2011లో వచ్చిన ‘దానా పె దానా’ గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కోమల్ రిజ్వీతో కలిసి పాడిన అఖ్తర్ చనాల్ జహ్రీ బలూచిస్తాన్ జానపద గాయకుడు. బలూచీతో పాటు బ్రాహుయీలోనూ పాడతాడు. బ్రాహుయీ మన ద్రావిడ కుటుంబపు భాష, తెలుగుకు దూరపు చుట్టం. మిగతా ద్రావిడ భాషలన్నిటికీ అంత దూరాన, ఇరానీ భాషల మధ్య ఇన్ని శతాబ్దాలు బతికింది. అది తెలిశాక ఆ మనిషి గొంతు నాకు మరోలా వినిపించింది. ఆ గొంతుకు మైకు అవసరమే లేదనిపిస్తుంది. అంతటి గొంతు దగ్గర గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించి, చుట్టూ ఖాళీ ఉంచి రికార్డు చేశారు. ఎకో దట్టించలేదు. మన దగ్గర ఒగ్గుకథ చెప్పేవారికి మైకు ఇచ్చేటప్పుడు నేను పాటించేదీ అదే పద్ధతి.

ఆరో సీజన్లో సెర్బియా, టర్కీ, మొరాకో అంటూ విదేశీ సంగీతకారులను కలిపారు. వాయించినవాళ్లు సమర్థులే. కానీ పాటకు దూరంగా కూర్చుని వాయించినట్టే ఉంటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పాలని లేదు.

స్ట్రింగ్స్ నాలుగేళ్లు కార్యక్రమాన్ని ఇంటింటికీ చేర్చాయి. 2015లో ఆతిఫ్ అస్లం పాడిన ‘తాజ్‌దారె హరమ్’, 2016లో రాహత్ ఫతే అలీ ఖాన్, మోమినా ముస్తెహ్సాన్ కలిసి పాడిన ‘ఆఫ్రీన్ ఆఫ్రీన్’ అడగని వలీమా విందు పాతబస్తీలో నాకు తగల్లేదు. శబ్దం శుభ్రంగా, నునుపుగా ఉంటుంది. అంత నునుపే నాకు ఇబ్బంది. పాత కవ్వాలీని, పాత గజల్‌ను అందరూ ఇష్టపడే కొలతకు కత్తిరించారు. రోహైల్ కాలంలో సింధీ, పష్తో, బ్రజ్, పంజాబీ పాటలు కార్యక్రమానికి నడుమ కూర్చునేవి. ఈ నాలుగేళ్లలో పేరున్న గొంతులు నడుమకు వచ్చాయి, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అంచుకు జరిగారు. 2016లో కవ్వాలీ గాయకుడు అమ్జద్ సాబ్రీ, రాహత్ కలిసి పాడిన ‘రంగ్’ మాత్రం దీనికి మినహాయింపు. సాబ్రీ హత్య జరిగాక ప్రసారమైన పాట అది. గుంపు గొంతులు ఎగసిపడుతుంటే వాటి పైన చప్పట్లను అంత స్పష్టంగా నిలబెట్టడం తేలిక కాదు. హైదరాబాదు వార్సీ సోదరుల కవ్వాలీ ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకు ఆ చప్పట్ల విలువ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చింది 2018. అలీ హంజా ఎవరో కాదు, తొమ్మిదేళ్ల కిందట ‘ఏక్ అలిఫ్’లో సాయీన్ జహూర్ పక్కన పాడిన నూరీ సోదరుల్లో ఒకరు. అలా కూర్చుని పాడిన మనిషి నిర్మాత అయ్యాక చేసిన మొదటి పని, గాయకులను స్టూడియోకు పిలవకుండా జోహైబ్ కాజీతో కలిసి వాళ్ల ఊళ్లకు వెళ్లడం. అలా రికార్డు చేసినవే ‘ఎక్స్‌ప్లోరర్’ పాటలు, సీజన్ మొదలయ్యే ముందే వచ్చాయి. చిత్రాల్ కొండల్లోని కలాష్ లోయ నుంచి అరియానా, అమ్రీనా అనే ఇద్దరు అమ్మాయిలు ‘పరీక్’ పాడారు. సింధ్ నుంచి శము బాయి, విష్ణు ‘ఫకీరా’ పాడారు. బలూచిస్తాన్ నుంచి ‘నసీబాయా’, ముజఫరాబాద్ నుంచి ‘హా గులో’. నోటితోనే తాళం పుట్టించే మిషాల్ ఖ్వాజాది ఐదో పాట.

‘పరీక్’లో నల్లటి దుస్తుల మీద రంగురంగుల కుట్టుపని, మెడనిండా పూసలు వేసుకున్న ఆ అమ్మాయిలు కళ్లకు ఇంపుగానే ఉంటారు. నేను చెప్పేది చెవి సంగతి. ఇద్దరూ గొంతు బిగించరు, సాధన చేసిన గమకాలు వేయరు, పొలం గట్టు మీద పాడుకున్నట్టే పాడతారు. కలాషా మాట్లాడేవాళ్లు కొన్ని వేల మందే. అలాంటి భాష పాటను కంప్యూటర్ బీటుతో కలపడం ప్రమాదకరమైన పని. బీటు పెరిగితే అమ్మాయిలు అలంకారమైపోతారు. ఇక్కడ బీటు వాళ్ల గొంతు కింద ఉంది, పైకి రాలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘హా గులో’. కశ్మీరీ కవి మహజూర్ రాసిన పాటను అల్తాఫ్ మీర్, ఆయన ఖసామీర్ బృందం పాడారు. సారంగి, తుంబక్‌నారి అనే కశ్మీరీ డోలు, దాంతోపాటు ఒక కుండ. కుండ కదా, మన ఘటానికి మైకు పెట్టిన అనుభవంతో విన్నాను. కుండ మూతికి ఎదురుగా మైకు పెడితే ‘గుమ్’ అనే గాలి ఒక్కటే వస్తుంది. పొట్ట మీద వేళ్లు పడే టకటక పోతుంది. మైకును కాస్త పక్కకు జరిపితే రెండూ వస్తాయి, కానీ పక్కవాడి వాయిద్యం కూడా దూరుతుంది. ‘హా గులో’లో గాలీ ఉంది, వేళ్లూ ఉన్నాయి, పక్కనున్న సారంగి వరస చెడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుండ ఒక్కదాన్నే పట్టుకుని పాట చివరిదాకా వెళ్లండి, ఎంత ఓర్పుతో చేశారో తెలుస్తుంది.

అదే ఏడాది స్టూడియోలో తీసిన అసలు సీజన్ మాత్రం ఈ స్థాయిలో లేదు. ‘హమ్ దేఖేంగే’ను అంతమంది గాయకులతో పాడించిన ఉద్దేశం మంచిదే. కానీ ఒక్కొక్కరికి ఒక ముక్క పంచితే ఉర్దూ కవి ఫైజ్ రాసిన ఆ కవితలోని సెగ తెగిపోయింది. ‘కోకో కొరీనా’ పాత పాటకు చేసిన కొత్త రూపాన్ని జనం తిట్టారు, తిట్టాల్సిందే. ఒకే నిర్మాతలు ఊరికి వెళ్లినప్పుడు అంత బాగా విని, స్టూడియోలో ఎందుకలా చేశారనేది నన్ను బాధపెట్టే విషయం. బహుశా ఊళ్లో వాళ్లకు తోచింది చేసే స్వేచ్ఛ ఉంది, స్టూడియోకు వచ్చేసరికి ఎన్నేళ్లుగానో పేరుకున్న అంచనాలు మీద పడ్డాయి.

మన ఎంటీవీలో 2011లో వచ్చిన కోక్ స్టూడియో గురించి ఒక మాట. మొదటి సీజన్ అంతా లెస్లీ లూయిస్ ఒక్కరే చేస్తే, 2012 నుంచి ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో నిర్మాతను పెట్టారు. 2013లో రెహమాన్ ‘జరియా’లో నేపాల్ బౌద్ధ సన్యాసిని ఆనీ చోయింగ్ గొంతు పక్కన జోర్డాన్ గాయని ఫరా సిరాజ్ గొంతును నిలబెట్టిన తీరు అద్భుతం. అయితే ఎపిసోడ్‌కో నిర్మాత ఉన్నచోట మంచి పాటలు దొరుకుతాయి కానీ, ఏళ్ల తరబడి ఒక చెవి ఎలా ఎదిగిందో వినే అవకాశం ఉండదు.

జుల్ఫీ వచ్చాక పద్ధతే మారింది. 2022లో ప్రతి పాటకూ ఒక సెట్టు, ఒక రంగు, ఒక కథ. ‘తు ఝూమ్’లో అబిదా పర్వీన్, నసీబో లాల్ ఎదురెదురుగా నిలబడి పాడటం చూస్తే కళ్లు చెమరుస్తాయి. ‘కనా యారీ’ మరీ మంచిది. కరాచీ ల్యారీ పేట నుంచి ముఖానికి నకాబుతో ర్యాప్ పాడే ఇవా బీ, కైఫీ ఖలీల్, బలూచీ జానపదం పాడే వహాబ్ బుగ్టీ, ముగ్గురూ బలూచీలో పాడిన పాట దేశాలు దాటింది. ఆ ఏడాది వరదల్లో వహాబ్ బుగ్టీ ఇల్లు కొట్టుకుపోయిందని వార్తల్లో చదివినప్పుడు ఆ పాట మళ్లీ వినలేకపోయాను. ఇంత పేరు తెచ్చిన కార్యక్రమం అలాంటి కళాకారుడికి పాట తర్వాత కూడా ఆసరాగా ఉండాలి.

జుల్ఫీ మీద నా ఫిర్యాదు ఒకటే. అంతా కలిసి ఒక గదిలో కూర్చుని వాయిస్తుంటే చూసే భాగ్యం పోయింది. గాయకుడు కన్ను ఎత్తితే ఢోలక్ అతను తాళం మార్చడం, తప్పిన సంగతిని కీబోర్డు అతను నవ్వుతూ సర్దుకోవడం, ఇవే ఆ పాత వీడియోలకు ప్రాణం. ఇప్పుడు వీడియో సినిమాలా ఉంది. మిక్సింగ్‌లోనూ పొర మీద పొర. పప్పుచారులో మసాలా గుమ్మరిస్తే అసలు రుచి పోయినట్టు, కొన్ని పాటల్లో జానపద గొంతు అడుగున పడిపోయింది. 2024 సీజన్‌ను ‘ఆయీ ఆయీ’ అనే సింధీ పాటతో మొదలుపెట్టినందుకు మాత్రం అభినందించాలి. ఉర్దూయేతర భాషను ముందు వరసలో కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు.

ఇదంతా మనకెందుకంటే, ఇక్కడ జరుగుతున్నది చూసి చెబుతున్నాను. ఒక సాంస్కృతిక సభలో కిన్నెర కళాకారుడు వేదిక ఎక్కాడు. నేను కిన్నెర బుర్రకు దగ్గరగా చిన్న మైకు కట్టి, మిగతావి తగ్గించాను. నిర్వాహకులు వచ్చి కీబోర్డు, ప్యాడ్లు పెంచమన్నారు, జనానికి ఊపు కావాలన్నారు. పెంచాక కిన్నెర వేళ్లు కదిలాయి కానీ తీగ ఎవరికీ వినపడలేదు. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చుకున్న నేల ఇది. జముకు తీగనైనా, ఒగ్గు డోలునైనా, చిరతలనైనా రికార్డు చేయదలచినవాళ్లు ముందు ‘హా గులో’లో కుండను, ‘ఏక్ అలిఫ్’లో ఏక్‌తారాను విని రావాలి.

వినేవాళ్లకు నా సలహా: ‘ఎక్స్‌ప్లోరర్’ ఐదు పాటలు ముందు, తర్వాత రెండు, మూడు, నాలుగు సీజన్లు, ఆ పైన 2022. స్ట్రింగ్స్ కాలం నుంచి ‘రంగ్’ చాలు. ఫోను స్పీకరులో వినకండి, అందులో ఢోలక్ ఎడమ చెయ్యి వినిపించదు. మామూలు తీగ హెడ్‌ఫోన్లు సరిపోతాయి. ‘దానా పె దానా’ను మాత్రం పెద్ద స్పీకర్లలో, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెట్టండి.