గీజరుకు గార పట్టకుండా: పాలీఫాస్ఫేట్ ఫిల్టరుతో 11 నెలలు

తిరుపతిలో మా ఇంటికి కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీరు కుళాయిలో వస్తున్నా అది తాగడానికీ వంటకీ మాత్రమే సరిపోతుంది కనుక, స్నానాల గదిలోని 15 లీటర్ల గీజరుకు బోరు నీరే దిక్కు. రెండేళ్లలో రెండు కాయిళ్లు కాలిపోయాయి. రెండోసారి మెకానిక్ ట్యాంకు విప్పితే కాయిల్ చుట్టూ వేలి మందాన సున్నపు గార కనిపించింది. అడుగు నుంచి రాలిన పెంకులే చెంబెడు వచ్చాయి. ఆ తరువాత రూ. 1,600 పెట్టి, గీజరులోకి చన్నీళ్లు వెళ్లే గొట్టానికి బిగించే ఈ ఫిల్టరును కొన్నాను.

పారదర్శకమైన చిన్న గిన్నె, అందులో పటికబెల్లం పలుకుల్లాంటి పాలీఫాస్ఫేట్ గుళికలు: పరికరమంతా ఇంతే. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే కరగని కాల్షియం కార్బనేట్‌గా మారి లోహానికి అంటుకుంటుంది. గుళికల నుంచి కొద్దికొద్దిగా కరిగే ఫాస్ఫేట్ ఆ స్ఫటికాలను పెరగనివ్వదు కాబట్టి, సున్నం చాలావరకు నీటితోపాటే బయటికి పోతుంది.

అంటే సున్నం నీటిలోనే ఉంటుంది. అందుకే పెట్టె మీద 'వాటర్ సాఫ్ట్‌నర్' అని ముద్రించడం నాకు ఏమాత్రం నచ్చలేదు. చుక్కల మందు కిట్‌తో చూస్తే ఫిల్టరుకు ముందూ తరువాతా కాఠిన్యం లీటరుకు 480 మిల్లీగ్రాములే (తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కోరదగిన పరిమితి 200). సబ్బు నురగ పెరగలేదు, బకెట్ల మీద తెల్లమరకలూ పోలేదు. నీరు నిజంగా మెత్తబడాలంటే, ఉప్పుతో శుద్ధి చేసుకుంటూ వాడే రెజిన్ యంత్రం కావాలి. అందులో కాల్షియం స్థానంలోకి సోడియం వస్తుంది కనుక టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు అంకె పెద్దగా తగ్గదు. ఆ మీటరు చూపించి సాఫ్ట్‌నర్లు అమ్మజూపేవారిని ఈ ఒక్క మాట అడిగి చూడండి. ఒక్క గీజరు కోసం అంత యంత్రం నాకు అనవసరమనిపించింది.

కరపత్రంలో లేని ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వేడి 60 డిగ్రీలు దాటిన కొద్దీ పాలీఫాస్ఫేట్ విడిపోయి పట్టు కోల్పోతుంది, సున్నం కూడా ఆ వేడిలోనే ఎక్కువగా పేరుకుంటుంది. నేను థర్మోస్టాట్‌ను 75 నుంచి 55కు తగ్గించాను. పాత గారను ఫిల్టరు కరిగించదు కనుక, బిగించే ముందే ట్యాంకును నిమ్మఉప్పు నీటితో కడిగించాను. గత వారం విప్పి చూస్తే కాయిల్ మీద గుడ్డతో తుడిస్తే పోయే పలుచని పొడి తప్ప పెంకు లేదు. ఇందులో ఫిల్టరు చలువ ఎంతో, వేడి తగ్గించిన ఫలితం ఎంతో విడదీయలేము గానీ, సేఫ్టీ వాల్వ్ కూడా బిగుసుకోకుండా కదలడం నాకు నిశ్చింత కలిగించింది.

లోపాలు లేకపోలేదు. వారం రోజులు ఊరెళ్లి వస్తే గిన్నెలో నిలిచిన నీరు జిగటగా మారుతుంది, మొదటి బకెట్ పారబోయవలసిందే. ఆరు నెలలకు గుళికలు సగానికి తగ్గాయి, కొత్తవి రూ. 450, అవీ ఆ కంపెనీవే సరిపోతాయి. అయినా మేడ మీది గీజరుకు రెండోది తెప్పించాను. వంటింటి కుళాయికి మాత్రం బిగించను.