సర్కారా, ప్రైవేటా? కట్టిన పైసకు ఎక్కడ గిట్టుబాటు

"సర్కారుకు కట్టుడంటే బూడిదల పోసిన పన్నీరే బావా. అన్నీ ప్రైవేటోళ్లకు అప్పజెప్తే లైన్ల పడుతది" అంటాడు మా బామ్మర్ది. నర్సంపేటలో అతనికి మంచి వ్యాపారం ఉంది. ఏటా జూలైలో ఇన్‌కమ్ టాక్స్ ఫైల్ చేసిన రోజు ఈ మాట అనకుండా ఉండడు. నాది హనుమకొండలో చిన్న జిరాక్స్, స్టేషనరీ షాపు. మూడు నెలలకోసారి జీఎస్టీ కడతాను. అంటే నాకూ మాట్లాడే హక్కుందన్నమాట.

ఆ హక్కు మా ఇద్దరిదే కాదు. నా షాపులో 299 రూపాయల రీచార్జ్ చేయించుకునే కూలీ మనిషి కూడా అందులో 45 రూపాయలు జీఎస్టీ కింద కడుతున్నాడు. బండిలో పెట్రోలు పోయిస్తే రాష్ట్ర వ్యాట్ ఒక్కటే 35 శాతం పైన, కేంద్రం ఎక్సైజ్ వేరే. తేడా ఏంటంటే ప్రైవేటువాడు కౌంటర్ దగ్గర బిల్లు చేతిలో పెడతాడు, మనం గుండె పట్టుకుంటాం. సర్కారు చుక్కచుక్కగా తీసుకుంటుంది కాబట్టి ఎంత పోయిందో తెలియదు. అందుకే సర్కారు సేవను 'ఫ్రీ' అంటాం. 'ఫ్రీ'యే కదా అని ఎలా ఉన్నా సర్దుకుంటాం కూడా.

నా లెక్క ఇది: నచ్చకపోతే లేచి పక్క షాపుకు పోగలిగిన చోట ప్రైవేటు మేలు. లేచి పోలేని చోట సర్కారు మేలు. ఈ లెక్క నాకు దవాఖానలో తెలిసొచ్చింది.

కొన్నేళ్ల కింద నాట్ల టైములో మా చిన్నాయన రాత్రి మోటరు బంద్ చేయడానికి పోతే రక్తపింజర కరిచింది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాం. ముందు 30 వేలు కట్టమన్నారు. ఏటీఎంలో తీసి, తక్కువ పడితే ఫోన్‌పేలో కొట్టి కట్టాం. సెలైన్ పెట్టారు, ఏవో ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు గంటలు పోయాక "మా దగ్గర వెంటిలేటర్ లేదు, పెద్ద దవాఖానకు తీస్కపోండి" అన్నారు. కట్టిన దాంట్లో 11 వేలు పట్టుకొని మిగతావి వాపసిచ్చారు.

సర్కారు దవాఖానలో స్ట్రెచర్ తోసినాయన ముందు 200 అడిగాడు. ఇచ్చాం. మంచం ఒకటి, దాని మీద మనుషులు ఇద్దరు. కానీ నర్సమ్మ రాగానే చేసిన పని నేను మర్చిపోను. ఇంత రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదిలించకుండా కిటికీ పక్కన నిలబెట్టి గడియారం చూసింది. 20 నిమిషాలయ్యాక వంచి చూపించింది. రక్తం నీళ్లలా జారింది, గడ్డ కట్టలేదు. "విషం ఎక్కింది" అని వెంటనే మందు ఎక్కించారు, మొదటి విడతలోనే పది సీసాలు. పైసా అడగలేదు. నాలుగు రోజులు వరండాలో చాప వేసుకొని పడుకున్నాం. దోమలు, వాసన, ఎవరిని ఏమడిగినా కసురుకునుడు. చిన్నాయన బతికి బయటపడ్డాడు, ఇప్పటికీ పొలానికి పోతున్నాడు.

ఉత్తర తెలంగాణలో ఎవరినడిగినా ఇలాంటి కథ ఒకటి చెప్తారు. చెయ్యి దాటిన కేసంటే "ఎంజీఎంకు తీస్కపోండి" (వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన) అనే మాట ములుగు నుంచి మంచిర్యాల దాకా వినిపిస్తుంది. వద్దు అనే వీలు ప్రైవేటుకు ఉంది, సర్కారు దవాఖానకు లేదు. చివరి గంటలో వచ్చినవాళ్లందరినీ చేర్చుకొని, వాళ్లలో కొందరు పోతే "అక్కడికి పోతే చచ్చిపోతారు" అనే పేరు కూడా అదే మోయాలి.

అదే మా అమ్మ కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చినప్పుడు మాత్రం ప్రైవేటుకే పోయాం. తొందరేం లేదు. మూడు చోట్ల రేట్లు అడిగాం, లెన్స్‌ల గురించి తెలుసుకున్నాం, నచ్చిన చోట చేయించాం. పొద్దున పోతే సాయంత్రానికి ఇంటికి వచ్చాం. ఇచ్చిన పైసకు న్యాయం జరిగింది.

కాన్పుల సంగతికొస్తే నా లెక్క కొంచెం తడబడుతుంది. తొమ్మిది నెలల టైముంది, ఎంచుకోవచ్చు, మరి ప్రైవేటే మేలు కావాలి కదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో ప్రైవేటు దవాఖానల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం ఆపరేషన్లే. సర్కారు దవాఖానల్లో 44.5 శాతం. అదీ తక్కువేం కాదు. ముహూర్తం చూసుకొని కోయించుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు గనక తప్పంతా డాక్టర్ల మీద వేయలేం. కానీ కోతకో రేటు, మామూలు కాన్పుకో రేటు ఉన్న చోట సలహా ఎటు మొగ్గుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎంచుకునే వీలున్నా, ఏది అవసరమో మనకు తెలియనప్పుడు ఆ వీలుతో లాభం లేదు.

ఆరోగ్యశ్రీ ఈ రెంటికీ మధ్యలోది. వైద్యం ప్రైవేటుది, బిల్లు సర్కారుది. 2007లో మొదలైంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది. గుండె ఆపరేషన్‌కు భూమి అమ్ముకోకుండా బతికినవాళ్లు మా వాడలోనే ఉన్నారు. అయితే సర్కారు బకాయి పెడితే దవాఖానలు సేవలు ఆపుతాయి, మధ్యలో నలిగేది కార్డు పట్టుకొని నిలబడ్డ మనిషి.

బస్సుల దగ్గర నాకు పెద్ద అనుమానం లేదు. మామూలు రోజుల్లో హైదరాబాద్ పోవడానికి ఏది ఎక్కినా ఒకటే. దసరాకు చూడండి, ప్రైవేటు ట్రావెల్స్ రేటు ఎక్కడికి పోతుందో. ఆర్టీసీ కూడా స్పెషల్ బస్సుల్లో సగం ఎక్కువ తీసుకుంటుంది, కానీ ఎంత ఎక్కువో ముందే చెప్తుంది. 2024 మేడారం జాతరకు 6 వేల బస్సులు పెట్టారు. ఆ నాలుగు రోజుల కోసం అన్ని బండ్లు ఏ ప్రైవేటువాడు దింపుతాడు? పొద్దున ఆరుగురే ఎక్కే ఊరికి పల్లె వెలుగు పోతుంది, ఆటో అయితే నిండేదాకా కదలదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. మంచిదే. కాకపోతే టికెట్ కొన్న నేను హనుమకొండ నుంచి జనగామ దాకా నిలబడి పోవడం మామూలైపోయింది. ఆ జీరో టికెట్ల పైసలు ఆర్టీసీకి సర్కారే ఇవ్వాలి, అంటే మళ్లీ మనమే.

నీళ్ల విషయంలో మాత్రం సర్కారు మీద నాకు కోపముంది. మిషన్ భగీరథ కోసం వేల కోట్లు పెట్టారు, గోదావరి నీళ్లు శుద్ధి చేసి ఇంటింటికీ నల్లా ఇచ్చారు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లతో గిన్నెలు తోముకొని, తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొనుక్కుంటున్నాం. మా ఇంట్లో రోజుకొకటి, 20 రూపాయలు. ఏడాదికి 7,300. ఒకే నీళ్లకు రెండుసార్లు కడుతున్నాం. నల్లా నీళ్లు చెడ్డవని నేను అనడం లేదు, వాటిని రోజూ పరీక్ష చేసి ఆ కాగితం వాడలో అంటించే మనిషి లేడంటున్నాను. ఆ మాటకొస్తే క్యాన్ నీళ్లనూ ఎవరూ పరీక్ష చేసి చూపించరు. చల్లగా, తియ్యగా ఉంటాయి కాబట్టి నమ్ముతాం.

ఫ్యాక్టరీల గొడవలోకి ఎక్కువ పోను. 1934 నాటి ఆజంజాహి మిల్లు సర్కారు సంస్థ చేతిలో మూతపడింది. కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ ప్రైవేటు కంపెనీ చేతిలో 2014లో ఆగింది. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన సింగరేణి మాత్రం లాభాల్లో కార్మికులకు వాటా పంచుతోంది. ఓనరు ఎవరన్నదాన్ని బట్టి తేలే ముచ్చట కాదిది.

మా బామ్మర్ది ఎప్పుడూ లెక్కలోకి తీసుకోని మూడో దారి ఒకటుంది, అది మన దగ్గరే ఉంది. ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. అప్పు ఇచ్చేదీ, ఎరువులు అమ్మేదీ, పంట కొనేదీ అదే, సభ్యులు రైతులే. సిరిసిల్లలో 1970 నుంచి కరెంటు ఇస్తున్న సహకార సంఘం 'సెస్'కు డైరెక్టర్లను కరెంటు వాడేవాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. వాటిలో రాజకీయం లేదని కాదు, బోలెడుంది. అయినా ముల్కనూరు రైతు సంఘం లెక్క గురించి నిలదీసినట్టు, నేను నా జీఎస్టీ గురించి ఎవరినీ నిలదీయలేను.

చదువు గురించి రాయొద్దనుకున్నాను, కానీ మొన్న బామ్మర్ది వచ్చిపోయాక ఆగలేకపోతున్నాను. కొడుకును కార్పొరేట్ కాలేజీలో వేశాడు. హాస్టల్‌తో కలిపి లక్షల్లో ఫీజు. సర్కారు జూనియర్ కాలేజీ పేరెత్తితే నవ్వుతాడు. పిల్లగాడు నీట్ రాస్తున్నాడు. మన వరంగల్ కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ) లాంటి సర్కారు మెడికల్ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి పది వేల చిల్లర, ప్రైవేటులో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటైతే 11 లక్షల పైనే. "సీటు ఎక్కడ కావాల్నయ్యా?" అని అడిగాను.

"ఇంకెక్కడ బావా, కేఎంసీల" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.