10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్, చాన్నాళ్లు వాడాక

పట్టపగలు లాంగ్ ఎక్స్‌పోజర్ (షట్టర్ చాలాసేపు తెరిచి పెట్టి తీసే ఫొటో) తియ్యాలంటే 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు తగిలించే నల్లద్దం, ఉండాల్సిందే. ఏళ్లుగా వాడుతున్నా, పారేసుకుంటే మళ్లీ కొంటా కూడా, కాకపోతే మొదటి ఫిల్టర్‌గా దీన్నే కొనమని మాత్రం ఎవరికీ చెప్పను.

ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగానికి పడిపోద్ది, అంటే 10 స్టాప్‌లకి వెయ్యో వంతే మిగులుద్ది, మామూలుగా 1/8 సెకను చాలే సీన్‌కి 2 నిమిషాల పైనే షట్టర్ తెరిచి పెట్టాలి. చాలా కెమెరాలు 30 సెకన్ల దగ్గర ఆగిపోతాయి, అక్కణ్ణుంచి బల్బ్ మోడే (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరుచుకునే ఉంటుంది), దానికి లాక్ ఉన్న రిమోట్ కావాలి, వేలితో నొక్కి పట్టుకుంటే షేక్ అయిపోద్ది.

ఫిల్టర్ తగిలించాక డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో ఏమీ కనపడదు, అందుకే ఫోకస్ ముందే చూసుకుని మాన్యువల్‌కి మార్చేసి అప్పుడు బిగించాలి, స్క్రూ టైపుదైతే తిప్పేటప్పుడు ఫోకస్ రింగ్ కూడా కదిలిపోద్ది, మహా చిరాకు. వెనక ఐపీస్ కూడా మూసెయ్యండి, ఆ సందులోంచి దూరిన వెలుతురు ఫొటో మీద మరకలా పడుద్ది. (మిర్రర్‌లెస్ కెమెరా వాళ్లకి ఈ గోల లేదు.) కలర్ కొంచెం తేడాగా వస్తుంది, రా లో (కెమెరా ప్రాసెస్ చెయ్యని ఫైల్) తీస్తే చాలావరకు సర్దేయొచ్చు.

అసలు తలనొప్పి నాయిస్‌తో. సెన్సర్ వేడెక్కేకొద్దీ ఎర్రగా నీలంగా చుక్కలొస్తాయి, అవి పోవాలని కెమెరాలో నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే 4 నిమిషాల ఫొటో అయ్యాక షట్టర్ మూసుకుని ఇంకో 4 నిమిషాలు చీకటిని తీసుకుంటూ కూర్చుంటుంది, ఈలోపు మంచి మబ్బు కాస్తా వెళ్లిపోద్ది. నేనైతే ఆఫ్‌లోనే పెడతా, చివర్లో లెన్స్‌కి క్యాప్ పెట్టి అదే ఐఎస్ఓలో (సెన్సర్ సున్నితత్వం సెట్టింగ్) అంతే సేపు ఒక డార్క్ ఫ్రేమ్ తీసుకుని అందులో పడిన చుక్కల్ని అసలు ఫొటోలోంచి కంప్యూటర్లో మైనస్ చేస్తా. నక్షత్రాల గీతలు తీసేవాళ్లయితే ఆ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చెయ్యాల్సిందే, లేదంటే గీత మధ్యమధ్యలో తెగిపోద్ది.

ఇంతా చేసి, నీళ్లు నునుపుగా రావడానికి చాలాసార్లు 20, 30 సెకన్లే ఎక్కువ. సాయంత్రం వెలుతుర్లో 1/4 సెకను ఉన్నచోట 6 స్టాప్‌ది పెడితే 16 సెకన్లు వచ్చేస్తుంది, చుక్కల గొడవా తక్కువే, నా బ్యాగులోంచి ఎక్కువగా బయటికొచ్చేది అదే. 10 స్టాప్‌ది ఎండలోకి, మబ్బులు సాగదియ్యడానికి.